అనంతపురానికి టీమ్ కావాలా, మ్యాచ్‌లు కావాలా?

నమస్తే అందరికీ. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు ఇక్కడ జరిగినప్పటి నుంచి మన ఊళ్లో ఒకటే మాట. సప్తగిరి సర్కిల్‌లో టీ తాగేచోట నిలబడినా అదే. "అనంతపురానికి ఒక టీమ్ పడితే ఎట్లుంటాదన్నా?" అని. ఎట్లుంటాదో తర్వాత. అసలు పడుతుందా, పడాలంటే ఏం కావాలో ఈరోజు మాట్లాడుకుందాం.

ఐపీఎల్ సంగతి ముందే తేల్చేద్దాం, అది తొందరగా తేలిపోతుంది. 2021 అక్టోబరులో రెండు కొత్త టీమ్‌లకు బోర్డు టెండర్లు తెరిచింది. బేస్ ధరే 2,000 కోట్లు. లక్నో 7,090 కోట్లకు పోయింది, అహ్మదాబాద్ 5,625 కోట్లకు. గౌహతి, కటక్, ఇండోర్, ధర్మశాల కూడా పోటీలో ఉన్నాయి. అంతర్జాతీయ మ్యాచ్‌లు చూసిన ఊళ్లు అవి, ఒక్కదానికీ దక్కలేదు. అంత డబ్బు పెట్టేవాడు టికెట్లమ్మి రాబట్టుకుందామని రాడు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులే 48,390 కోట్లు పలికాయి, దాంట్లో వాటా ఏ ఊరి టీమ్‌కైనా వస్తుంది. ఇంక ఊరితో పనేముంది? ప్రకటనలిచ్చే కంపెనీలు, కార్పొరేట్ బాక్సులు కొనేవాళ్లు కావాలి. మన వేరుశనగ వ్యాపారులు బాక్సు కొంటారా చెప్పండి? కొన్నా ఏసీలో కూర్చోరు, బయటికొచ్చి అరిస్తేనే వాళ్లకు మ్యాచ్ చూసినట్టు.

వచ్చిన టీమ్ నిలుస్తుందన్న గ్యారంటీ కూడా లేదప్పా. కొచ్చి టస్కర్స్ 2011లో ఒక్క సీజన్ ఆడింది, అంతే. మన డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు కొట్టింది, 2012 తర్వాత లేదు. ఫుట్‌బాల్‌లో ఇంకా అన్యాయం. 2019లో పుణె టీమ్ మూతబడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2025లో అది కూడా ఢిల్లీకి పోయింది.

అదే 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు మారి ఒడిశా ఎఫ్‌సీ అయ్యింది. ఇది మనకు పనికొచ్చే సంగతి. భువనేశ్వర్ ముంబై కాదు, బెంగళూరూ కాదు. కానీ కళింగ స్టేడియం అప్పటికే సిద్ధంగా ఉంది. 2018లో హాకీ ప్రపంచ కప్ అక్కడే జరిగింది, భారత హాకీ జట్లకు ఆ రాష్ట్ర ప్రభుత్వమే స్పాన్సర్. గ్రౌండ్ ముందు, టీమ్ తర్వాత.

మరి మన దగ్గరేముంది? ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన సంస్థ. దాని స్పోర్ట్స్ విలేజ్‌లో క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ గ్రౌండ్లు ఉన్నాయి. టెన్నిస్ సెంటర్‌కైతే 2010లో నాదల్ స్వయంగా వచ్చినాడు. దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచ్‌ల్లో ఐదు ఇక్కడే ఆడినారు. శ్రేయస్ అయ్యర్, అక్షర్ పటేల్ మన ఊళ్లో ఆడతారని ఎవరనుకున్నారు? ఒక పిల్లోడు సెక్యూరిటీని దాటుకుని గ్రౌండ్‌లోకి ఉరికి రుతురాజ్ గైక్వాడ్ కాళ్లు మొక్కిన వీడియో దేశమంతా చూసింది. తప్పే, కాదనను. కానీ నాలుగు రోజుల మ్యాచ్‌కే ఇంత పిచ్చి ఉంటే టీ20కి ఎంతుంటాదో ఆలోచించుకోండి.

లేనివి కూడా చెప్పుకోవాల. ఊరికి ఎయిర్‌పోర్టు లేదు. బెంగళూరులో దిగి బస్సెక్కాల. నయమేందంటే ఆ ఎయిర్‌పోర్టు దేవనహళ్లిలో, మన వైపే ఉంది. సిటీ ట్రాఫిక్ తగలకుండా బాగేపల్లి, పెనుకొండ మీదుగా హైవేలోనే వచ్చేయొచ్చు. అసలు ఇబ్బంది రూములది. రెండు జట్లు, కోచ్‌లు, అంపైర్లు, టీవీవాళ్లు కలిస్తే వంద రూములు ఏ మూలకూ చాలవు. అది శ్రావణమాసం ముహూర్తాలకు పడిందా, పెళ్లివాళ్లకూ ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌కూ లాడ్జి కౌంటర్ దగ్గరే పోటీ.

ఇప్పుడు అసలు మాట. ఆంధ్ర ప్రీమియర్ లీగ్ 2022లో మొదలైంది. అప్పుడు రాయలసీమ కింగ్స్ అని ఒక టీమ్. 2025లో రాయల్స్ ఆఫ్ రాయలసీమ, తుంగభద్ర వారియర్స్ అని రెండు. బాగుంది. మ్యాచ్‌లు యాడ? విశాఖలో. తుంగభద్ర నుంచి మనకు నీళ్లు తెచ్చే హెచ్చెల్సీ కాలువలో మన వాటా ఎన్నడూ పూర్తిగా రాకపాయె, ఇప్పుడు తుంగభద్ర పేరు కూడా సముద్రం ఒడ్డుకు చేరింది.

పక్కన తమిళనాడు చూడండి. వాళ్ల తమిళనాడు ప్రీమియర్ లీగ్ (టీఎన్‌పీఎల్) 2016లో మొదలైంది. దిండిగల్ దగ్గర నత్తంలో ఒక కాలేజీ గ్రౌండ్‌లో, తిరునెల్వేలిలో సిమెంట్ కంపెనీ గ్రౌండ్‌లో మ్యాచ్‌లు పెట్టినారు. తర్వాత సేలం కూడా చేరింది. అవేమీ మహానగరాలు కాదు. కాలేజీవాళ్ల గ్రౌండ్ పనికొచ్చినప్పుడు ట్రస్టు గ్రౌండ్ ఎందుకు పనికిరాదు?

అందుకే నేననేది, ఐపీఎల్ అని ఊరికే కలలు కనడం కాదు. ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్‌ను అడగాల్సింది సీమ పేరున్న టీమ్‌ల మ్యాచ్‌లు కొన్ని సీమలో పెట్టమని. ముందు పగటి మ్యాచ్‌లే ఇవ్వండి, ఫ్లడ్‌లైట్ల ఖర్చు తర్వాత చూసుకుందాం. లీగ్ జరిగేది జులై, ఆగస్టుల్లో. విశాఖలో అప్పుడు వానలు. మనం అప్పుడు మబ్బుల కోసం ఎదురుచూస్తుంటాం. కరువు జిల్లా అనిపించుకున్నందుకు ఇన్నాళ్లకు ఒక లాభం!

ఒక్క షరతు మాత్రం పెట్టాల. ఆ గ్రౌండ్ కట్టింది పల్లె పిల్లల కోసం. లీగ్ ఉన్నన్ని రోజులు వాళ్ల ప్రాక్టీసు ఆపేసి, గేటు దగ్గర నిలబెడితే మాత్రం నేను ఒప్పుకోను. పక్క గ్రౌండ్ వాళ్లకు వదలాల, మ్యాచ్ ఉచితంగా చూపించాల.

కడపోళ్లు ఈపాటికి కోపంగా ఉంటారు, "మాకు రాజారెడ్డి స్టేడియం ఉంది, అది అసోసియేషన్‌దే, మమ్మల్ని మరిచిపోయినావే" అని. మరిచిపోలేదన్నా. ఇద్దరం వేర్వేరుగా పోయి అడిగితే ఇద్దరినీ కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపిస్తారు. కలిసి పోదాం. సగం మ్యాచ్‌లు మీకు, సగం మాకు. ఫైనల్ ఎక్కడో మాత్రం టాస్ వేసుకుందాం.