ఒరిజినల్స్ చేతి నుంచి వదలకండి

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ మేడమ్‌కు, పిల్లల కోసం ఊళ్ల నుంచి బస్సులెక్కి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పేరుపేరునా చెబుతూ కూర్చుంటే నాకిచ్చిన పదిహేను నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమనుకోకండి. మే 12 నర్సుల దినోత్సవం గురించి, నైటింగేల్ గురించి నాకంటే ముందు ముగ్గురు చెప్పారు. నేను మళ్లీ చెప్పను.

నాకిచ్చిన అంశం ఉద్యోగావకాశాలు. నర్సులు దొరకడం లేదని ఆస్పత్రులంటాయి. పాసైన పిల్లలేమో ఇంట్లో ఖాళీగా ఉంటారు. రెండూ నిజమే! మామూలు ఆస్పత్రిలో ఐదుగురు రోగులకొక నర్సు, టీచింగ్ ఆస్పత్రిలో ముగ్గురికొకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మీరు పోస్టింగులకు వెళ్లి చూశారుగా, నైట్ డ్యూటీలో ఎంతమందికి ఒకరుంటారో! మనుషులు కావాలి, జీతమిచ్చే పోస్టు మాత్రం పెట్టరు.

సర్కారీ కొలువు సంగతి. మన తెలంగాణలో 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చారు. ఆ ఏడాదే ఇంకో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. సంతోషం. అయితే రాతపరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వాస్పత్రుల్లో కాంట్రాక్టు మీద పనిచేసినవాళ్లకు వెయిటేజీ 20. కరోనాలో ప్రాణాలకు తెగించి చేసినవాళ్లున్నారు, ఇవ్వాల్సిందే, నేను కాదనను. కానీ నిన్న పాసైన పిల్లకు ఆ 20 ఎక్కడి నుంచి వస్తాయి? ఎయిమ్స్ వాళ్లు నర్సుల ఎంపికకు పెట్టే నార్‌సెట్ పరీక్ష రాద్దామంటే, జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా చేసినవాళ్లకు కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి.

ఎటు తిరిగినా అనుభవం కావాలి. అది ప్రైవేటు ఆస్పత్రిలో సంపాదించుకోవాలి. మీకు అది అవసరమని వాళ్లకూ తెలుసు. అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

నా స్టూడెంటు ఒకమ్మాయి. తండ్రి ఆటో నడుపుతాడు. ఒక పెద్ద ఆస్పత్రిలో చేరింది, పేరు వద్దు. చేరిన రోజే పదో తరగతి మెమో, జీఎన్‌ఎం సర్టిఫికెట్, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అన్నీ ఒరిజినల్సే తీసుకున్నారు. రసీదు కూడా ఇవ్వలేదు. రెండేళ్లు మానకూడదని బాండు. ట్రైనీ అని పేరు పెట్టి 11 వేల జీతం, అందులోంచే హాస్టల్, మెస్ కోతలు. నెల తిరక్కుండానే ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న ముగ్గుర్ని ఒక్కదానికే అప్పజెప్పారు. ఒకరికొకరు ఉండాల్సిన చోట!

ఏడాది దాటాక ప్రభుత్వ పోస్టుకు సర్టిఫికెట్ వెరిఫికేషన్ పిలుపొచ్చింది. ఒరిజినల్స్ ఇవ్వండని అడిగితే, లక్ష కట్టి తీసుకెళ్లమన్నారు. నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ వెళ్లాను. హెచ్ఆర్‌లో కుర్రాడు, నా మనవడి వయసుంటుంది. “పాలసీ మేడమ్” అంటాడు. ఏ చట్టంలో ఉంది బాబూ అంటే మళ్లీ “పాలసీ మేడమ్”. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీల్లో కూర్చున్నాం, మంచినీళ్లడిగినవాళ్లు లేరు. చివరికి వాళ్లమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి తెచ్చి కట్టారు. అప్పుడిచ్చారు రసీదు! దాని మీద ఏం రాశారో తెలుసా, “ట్రైనింగ్ చార్జీలు”. ఏం ట్రైనింగయ్యా? ఆ ఐసీయూలో కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పింది ఆ పిల్లే.

క్షమించండి, గొంతు పెద్దదైంది. ప్రిన్సిపాల్ మేడమ్ టైము చూస్తున్నారు. జర్మనీ, గల్ఫ్ గురించి కూడా రాసుకొచ్చాను, వదిలేస్తున్నా. ఒక్కటి మాత్రం చెబుతాను. జర్మనీ వెళ్లాలంటే జర్మన్ భాష బీ2 స్థాయి దాకా రావాలి, మూడు నెలల్లో పంపిస్తామనే కన్సల్టెన్సీ గుమ్మం తొక్కకండి. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, ముందు అక్కడ అడగండి.

జీతం సంగతి. 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం కమిటీ వేసింది. 50 పడకల్లోపు ఆస్పత్రిలోనైనా నెలకు 20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే సర్కారీ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. కేరళ నర్సులు రోడ్డెక్కి కొట్లాడితే 2018లో అక్కడ కనీస వేతనం 20 వేలైంది. ఇక్కడ ఆ సంగతి ఎవరైనా అడిగారా? తల్లిదండ్రులారా, మీరైనా అడగండి. ఫీజులకు అప్పులు చేసింది మీరే కదా.

ఈ హాల్లో ఎంతమంది ఒరిజినల్స్ ఇస్తామని ఇప్పటికే సంతకం పెట్టారు? చేతులెత్తండి, భయం లేదు. చూశారా మేడమ్, ఎన్ని చేతులో! జిరాక్సులివ్వండమ్మా, అటెస్ట్ చేయించి ఇవ్వండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. బాండు కాగితం మీ కాపీ లేకుండా సంతకం పెట్టకండి. నెలనెలా జీతం స్లిప్పు దాచుకోండి, రేపు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇచ్చేది లేదని మొండికేస్తే పనికొచ్చేది అదే.

ముందు వరుసలో ఆస్పత్రుల తరఫున క్యాంపస్ సెలక్షన్లకు వచ్చినవాళ్లున్నారు. మీరు మా అతిథులు, భోజనం చేసి వెళ్లండి. ప్రిన్సిపాల్ మేడమ్, మీకో విన్నపం. ఒరిజినల్స్ తీసుకోబోమని, తొలి నెల జీతం ఎంతో అంకెల్లో రాసి ఒక కాగితం మీద వాళ్ల చేత సంతకాలు చేయించండి. పెట్టనివాళ్లకు ఇంటర్వ్యూ గది తాళం ఇవ్వకండి. ఇంటర్వ్యూలు రెండున్నరకన్నారు, ఇంకా గంటుంది. కాగితం నేను రాసిస్తాను.