కండలున్నోడే ముందు నీళ్ళలో పడతాడు!

ఆగండి ఆగండి, ముందు ఆ కామెంట్ల సంగతి తేల్చుకుందాం. పోయిన వీడియోలో గోవాలో విండ్ సర్ఫింగ్, అదే తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో నీళ్ళ మీద పోయే ఆట, నేర్చుకుంటూ నేను 23 సార్లు నీళ్ళలో పడ్డాను. లెక్కపెట్టింది నేను కాదు, మీరే! ఎవరో మహానుభావుడు ఆ పడిన ముక్కలన్నీ వరసగా అతికించి, వెనక తీన్మార్ వేసి వాట్సాప్‌లో వదిలాడు. మా విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే ఒకాయన దగ్గరికొచ్చి "మీరు ఆ పడే ఆయన కదండీ" అన్నాడు. సరే, భరిస్తా. కానీ కామెంట్లలో అందరిదీ ఒకటే పాట. "అన్నా, జిమ్‌కి వెళ్ళు." "చేతుల్లో పస లేదు బ్రో."

తప్పు. నూటికి నూరు పాళ్ళూ తప్పు. ఈ ఆటలో బలం ఉన్నవాడే ముందు పడతాడు!

సాక్ష్యం కావాలా? నాతో మా బావ వచ్చాడు. గుంటూరు. 90 కిలోలు, పొద్దున్నే రెండు గంటలు జిమ్ము. ఆయన పడినవి మీకు చూపించలేదు, ఎందుకంటే మా అక్క ఒప్పుకోలేదు. నాకంటే ఎక్కువే పడ్డాడు. పక్కన తొమ్మిదో తరగతి చదివే పిల్ల, బియ్యం బస్తా అంత బరువు కూడా ఉండదు, మధ్యాహ్నానికి అటు వెళ్ళి ఇటు వచ్చేస్తోంది.

ఎందుకో చెప్తా, చూడండి. బోర్డు మీద గాలికి వీపు పెట్టి నిలబడతాం. తెరచాప నీళ్ళలో బోర్లా పడి ఉంటుంది. దాన్ని నిలబెట్టే కర్రని మాస్ట్ అంటారు. దానికో లావుపాటి తాడు, పేరు అప్‌హాల్. తెరచాప మీద నీళ్ళు నిలిచి ఉంటాయి, అసలు బరువంతా ఆ నీళ్ళదే. మా బావ ఏం చేశాడు? బావిలో చేద తోడినట్టు చేతులతో ఒక్క గుంజు. తెరచాప లేవలేదు, బావ నడుం పట్టేసింది. రెండోసారి ఇంకా గట్టిగా గుంజాడు. ఈసారి నీళ్ళు జారిపోయి తెరచాప దూదిలా తేలిగ్గా వచ్చేసింది, ఆయన మాత్రం ఇంకా అదే ఊపులో లాగుతున్నాడు. వెల్లకిలా... ధబ్!

ఆ పిల్ల మోకాళ్ళు కాస్త వంచింది, చేతులు చాపింది, ఒళ్ళు వెనక్కి వాల్చి ఊరికే ఆగింది. అంచు లేచింది, నీళ్ళు కారిపోయాయి. తరవాత చెయ్యి మీద చెయ్యి మార్చుకుంటూ తాడు పైకి తెచ్చుకుంది. తెరచాప డాబా మీద తీగ మీద ఆరేసిన చీరలా రెపరెపలాడుతూ ఉంది. ఆ రెపరెప ఉన్నంతసేపూ బోర్డు ఎక్కడికీ పోదు. కొత్తవాళ్ళు ముందు నేర్చుకోవాల్సింది ఇదే, పోవడం కాదు.

తరవాత బూమ్. అంటే తెరచాపకి అడ్డంగా ఉండే పట్టుకునే కమ్మీ. మాస్ట్‌కి దగ్గరగా ఉండే ముందు చెయ్యి దాని మీద వేసి మాస్ట్‌ని ఒంటి ముందుకి తెచ్చుకోవాలి, ఆపైన వెనక చేత్తో తలుపు దగ్గరికి వేసినట్టు మెల్లగా లాక్కోవాలి. కదిలింది! గాలి ఒక్కసారి ఎక్కువైందా? వెనక చెయ్యి వదిలెయ్. అంతే. గాలి అటు నుంచి జారిపోతుంది. కానీ కండలున్నవాడు వదలడు కదా! పట్టుకుని పోట్లాడతాడు. గాలితో కుస్తీ ఏంటి బావా? తెరచాప ఆయన్నే ఎత్తి బోర్డు ముందుకి విసిరేసింది.

ఇక్కడ నా సిద్ధాంతం, రాసి పెట్టుకోండి. విండ్ సర్ఫింగ్ అందరికంటే త్వరగా వచ్చేది తూర్పారపట్టిన వాళ్ళకి, అంటే చేటతో ధాన్యం గాలికి పోసి పొట్టు ఎగరగొట్టిన వాళ్ళకి. నవ్వకండి! "గాలి ఉన్నప్పుడే తూర్పారపట్టుకో" అన్నారు మనవాళ్ళు ఊరికే అన్నారా? మా అమ్మమ్మది తెనాలి పక్క పల్లె. కళ్ళంలో నిలబడి ముందు చారెడు దుమ్ము తీసి వదిలేది, అది ఎటు పోతుందో చూసి, అప్పుడు ఎత్తేది చేట. గాలి సన్నగిల్లితే చేట ఆపేది. బోర్డు మీద ఇంకేం చేస్తాం? దీనికి చుక్కాని కూడా ఉండదు. మాస్ట్‌ని వెనక్కి వాలిస్తే బోర్డు ముక్కు గాలి వైపు తిరుగుతుంది, ముందుకి వాలిస్తే గాలికి దూరంగా. ఎదురుగాలిలోకి నేరుగా పోలేం, అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల మేర దారి లేదు. వంకర టింకరగానే పోవాలి.

చరిత్ర కూడా నా వైపే. 1958లో ఇంగ్లండ్‌లో పీటర్ చిల్వర్స్ అనే కుర్రాడు బోర్డుకి తెరచాప కట్టుకుని తిరిగాడు. వయసెంత? 12! తరవాత అమెరికా వాళ్ళు పేటెంట్ మాదంటే, 1985లో బ్రిటన్ కోర్టు ఈ పిల్లాడి బోర్డుని చూపించే ఆ పేటెంట్ చెల్లదంది. పన్నెండేళ్ళ వాడికి ఏం కండలుంటాయండీ?

ఇంకో గోల. "ఇక్కడే కృష్ణలో చేసి చూపించు" అని. నేనిప్పుడు పున్నమి ఘాట్‌లోనే ఉన్నా, అటు చూడండి, ప్రకాశం బ్యారేజీ. 1957 నుంచి ఉంది, 70 గేట్లు. పడమటి గాలి లేచిందనుకోండి, గాలీ ప్రవాహమూ రెండూ అటే తోస్తాయి. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి, మర్చిపోయారా? నేను దిగను. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ అంటారా? ఎండాకాలం సాయంత్రం పైరగాలి ఒడ్డుకి తోస్తుంది, అలలుంటాయి కానీ కనీసం ఇంటికొస్తాం. జూన్, జూలై పడమటి గాలికి దిగితే మాత్రం నేరుగా సముద్రంలోకే. ఈత, లైఫ్ జాకెట్, పక్కన నేర్పేవాడు లేకుండా అసలు దిగొద్దు. ఏదైనా అయితే బోర్డు వదిలి ఈదకండి, అదే మీ పడవ.

కొత్తవాళ్ళకి వెడల్పాటి బోర్డు, నాలుగు చదరపు మీటర్ల లోపు తెరచాప, గంటకి 20 కిలోమీటర్లు మించని గాలి చాలు. జిమ్ కార్డు అక్కర్లేదు.

అన్నట్టు, అమ్మమ్మకి ఆ 23 పడటాల వీడియో చూపించా. మొత్తం చూసి ఒకటే అడిగింది: "అది సరే గానీ నాయనా, అంత పెద్ద గుడ్డ తడిసింది కదా, ఎవరు ఆరేశారు?"