పాపికొండల లాంచీ టూరు: ఇద్దరే వెళ్తే ఎలా ఉంటుంది?

నమస్తే అండి. ఇవాళ్టి రివ్యూ రాజమండ్రి వైపు నుంచి వెళ్లే పాపికొండల లాంచీ టూరు మీద. ముఖ్యంగా ఇద్దరే వెళ్దామనుకునే జంటల కోసం. ముందే ఒక మాట. పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే ఈ ప్రయాణంలో, కొండలు రెండు పక్కలా దగ్గరికొచ్చే అసలు లోయ ఉండేది కొద్దిసేపే. ఆ కాసేపు మీరు లాంచీలో ఎక్కడ నిలబడ్డారన్నదే లెక్క. మిగతావన్నీ దాని తర్వాతే.

రాజమండ్రిలో పొద్దున్నే బస్సెక్కిస్తారు, గండి పోచమ్మ గుడి దగ్గర రేవులో దించుతారు. ఒకప్పుడు పట్టిసీమ, పోలవరం రేవుల నుంచి కూడా లాంచీలు కదిలేవి. పోలవరం ప్రాజెక్టు నదికి అడ్డంగా లేచాక ఆ దారి మూసుకుపోయింది. టిఫిను, భోజనం మామూలుగా టికెట్లోనే కలిపి ఉంటాయి. భోజనం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కడుపు నిండుతుంది.

రేవు దాటాక మొదటి భాగంలో నది వెడల్పుగా ఉంటుంది. దేవీపట్నం దగ్గర పోలవరం ముంపులో ఖాళీ అయిన ఊళ్లు కనిపిస్తాయి. చాలామంది ఈ టైములోనే సెల్ఫీలు తీసి ఫోను చార్జింగు అవగొట్టుకుంటారు. దాచుకోండి.

అసలు సంగతి తర్వాత వస్తుంది. రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పున పారే గోదావరి, ఇక్కడ కొండల మధ్య రెండు మూడొందల మీటర్లకు కుంచించుకుపోతుంది. వచ్చే నీళ్లు అవే, పోవడానికి దారే చిన్నదైంది. అందుకే లోతు పెరుగుతుంది, వరదప్పుడు వడి పెరుగుతుంది, వంపుల దగ్గర సుళ్లు తిరుగుతాయి. అలాంటి చోటే కచ్చులూరు మందం. 2019 సెప్టెంబర్ 15న, దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద నడుస్తుండగా, 70 మందికి పైగా ఉన్న బోటు అక్కడ మునిగింది. దాన్ని బయటికి తీసేసరికి అక్టోబర్ 22 అయింది. భయపెట్టడానికి చెప్పట్లేదండి. ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోవడానికి దీన్ని మించిన లెక్క లేదు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఎర్ర నీళ్లు తేరుకుని పచ్చగా ఉంటాయి, వానలకు చిగిర్చిన అడవి ఇంకా ఎండదు. జులై నుంచి సెప్టెంబర్ దాకా బుకింగు పెట్టుకోకండి. వరదొస్తే లాంచీలు ఆపేస్తారు. ఎగువన ఉన్న భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. బయల్దేరే ముందు రోజు అక్కడి నీటిమట్టం, అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూసుకోండి.

ఇక సీటు. ఇంజను వెనక ఉండే లాంచీల్లో వెనక కూర్చుంటే రొద, డీజిల్ వాసన, పక్కన మనిషి మాట కూడా వినపడదు. ఏసీ గది చల్లగానే ఉంటుంది కానీ అద్దంలోంచి కొండ చూడ్డానికి ఇంత దూరం రానక్కర్లేదు. మా ఓటు ముందు వైపు, పక్కలు తెరిచి ఉన్న చోటికే. చాలా లాంచీల్లో మైకు, పాటలు, డ్యాన్సులు ఉంటాయి. స్పీకర్లు ఏ డెక్కు మీద పెట్టారో ఎక్కగానే చూసుకుని స్పీకర్లు లేని ఇంకో డెక్కు పట్టుకోండి. కొండల మధ్యకి రాగానే ఓ పది నిమిషాలు పాటలు ఆపమని మర్యాదగా అడగండి. ఇంజను చప్పుడు గోడల్లాంటి కొండలకు తగిలి తిరిగి వినపడుతుంది, అది విని తీరాలి.

లైఫ్ జాకెట్ దగ్గర కాస్త ఆగుదాం. భుజాన తగిలించుకుని బకిల్స్ వదిలేస్తే అది జాకెట్ కాదు, బరువు. అన్ని బకిల్స్ క్లిక్‌మనేలా పెట్టి, పట్టీలు బిగించండి. తర్వాత ఒకరి జాకెట్‌ను ఇంకొకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే వదులైనట్టు. నీళ్లలో అలాగే లేచి తల లోపలికి జారిపోతుంది. ఇంకోటి. గాలివాన వస్తే పక్కల పరదాలు దించేస్తారు. మూసిన గదిలో లాంచీ ఒరిగితే జాకెట్ మిమ్మల్ని పైకప్పుకు అదిమేస్తుంది, బయటికి ఈదనివ్వదు. అందుకే తెరిచిన అంచుకు దగ్గరగా ఉండండి. గైడు "అదిగో కొండలు" అనగానే అందరూ ఒకే పక్కకి పరిగెత్తుతారు. రెండంతస్తుల లాంచీ ఆ పక్కకి ఒరుగుతుంది. మీరు ఉన్న చోటే ఉండండి, వంపు తిరిగాక ఆ కొండే మీ వైపు కనపడొచ్చు.

ఫోటోలకి వైడ్ లెన్సు వాడితే కొండలు గుట్టల్లా తగ్గిపోతాయి. మామూలు లెన్సుతో, ఫోను నిలువుగా పట్టుకుని, ఫ్రేములో ఎదురొచ్చే పడవో ఒడ్డునున్న పాకో పడేలా తీయండి, ఎత్తు తెలుస్తుంది. జంట ఫోటోకి పైకప్పు నీడలో నిలబడితే మొహాలు నల్లగానో, వెనక కొండలు తెల్లగానో వస్తాయి. కప్పు అంచుకు, వెలుతురు మొహం మీద పడేలా జరగండి. రెయిలింగు ఎక్కి మాత్రం కూర్చోవద్దు.

పేరంటాలపల్లిలో దింపుతారు. ఆశ్రమం, శివాలయం, పక్కనే కొండ మీంచి దిగే వాగు. ఇక్కడి గిరిజనులు కొండరెడ్లు వెదురుతో చేసిన వస్తువులు అమ్ముతారు, నచ్చితే బేరమాడకుండా కొనండి. లాంచీ నుంచి ఒడ్డుకు దిగే బల్ల మీద తడి ఉంటుంది, పట్టున్న చెప్పులు వేసుకోండి. ఇది 2008లో ప్రకటించిన నేషనల్ పార్కు ప్రాంతం, ప్లాస్టిక్ కవర్లు వెనక్కి తెచ్చేయాలి.

రేటింగు అడిగితే, దృశ్యానికి పదికి తొమ్మిది, ఏకాంతానికి నాలుగే. ఇద్దరికే చోటు కావాలంటే శని, ఆదివారాలు, కార్తీక మాసం రద్దీ వదిలేసి మంగళ, బుధవారాల్లో వెళ్లండి. తిరుగు ప్రయాణంలో జనం భోంచేసి కునుకు తీస్తారు, లాంచీ ముందు భాగం ఖాళీ అవుతుంది. పొద్దున దొరకని చోటు అప్పుడు దొరుకుతుంది, ఆ లోయ మళ్లీ వస్తుంది. నిద్రపోకండి.