లండన్ వెస్ట్ ఎండ్‌లో నాటకం: ఏ సీటుకి డబ్బులు పెట్టొచ్చు, టికెట్ ఎక్కడ కొనాలి

నమస్తే అండి. ఇవాళ షో రివ్యూ కాదు, సీట్ల రివ్యూ. వెస్ట్ ఎండ్ అంటే లండన్ మధ్యలో పెద్ద నాటక థియేటర్లు ఉన్న ప్రాంతం. లండన్‌లో చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగం చేస్తున్నవాళ్లు, ఎండాకాలంలో అమ్మానాన్నలని పిలిపించుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, వెస్ట్ ఎండ్‌లో ఒక్క షో అయినా చూడాలి, ముప్పై పౌండ్లదీ ఉంది, నూట యాభై పౌండ్లదీ ఉంది, ఏది తీసుకోమంటావ్?" చాలామంది మధ్యలో ఏదో ఒకటి కొనేసి, అక్కడికెళ్లాక స్తంభం వెనక కూర్చుని మెడ సాచి చూసి వస్తుంటారు. ఇక్కడ ధరకీ, కనిపించేదానికీ మీరు అనుకున్నంత సంబంధం లేదు. అరవై పౌండ్ల సీటు కన్నా నలభై పౌండ్ల సీటు బాగుండటం ఇక్కడ మామూలే.

ముందు లెక్క తిరగేసుకోవాలి. మన ఊళ్లో సినిమా హాల్లో నేల టికెట్ చవక, బాల్కనీ ఖరీదు కదా. ఇక్కడ పూర్తిగా తలకిందులు. కింద, స్టేజీ ముందుండే భాగం స్టాల్స్, ఎక్కువ డబ్బు అక్కడే. దాని మీద అంతస్తు డ్రెస్ సర్కిల్, కొన్ని థియేటర్లలో రాయల్ సర్కిల్ అంటారు, అదీ ఖరీదే. దాని పైన అప్పర్ సర్కిల్, కొన్నిచోట్ల ఇంకా పైన బాల్కనీ. అన్నిటికన్నా చవక ఆ పైనున్న బాల్కనీయే! బుకింగ్ పేజీలో 'బాల్కనీ, 25 పౌండ్లు' అని కనపడగానే "అబ్బ, బాల్కనీ ఇంత చవకా" అని కొనేస్తే, ఊపిరి ఎగబీల్చుకుంటూ నాలుగు అంతస్తుల మెట్లెక్కాక విషయం అర్థమవుతుంది.

వెస్ట్ ఎండ్‌లో థియేటర్లు సుమారు నలభై. ఎక్కువ భాగం 1880లకీ 1930లకీ మధ్య కట్టినవే. అప్పట్లో పైన కూర్చునేది డబ్బు లేని జనం, వాళ్లకి బెంచీలే, లోపలికి రావడానికి పక్క సందులోంచి వేరే తలుపు, పెద్దమనుషులతో కలవకుండా. ఇప్పుడు బెంచీలు పోయి కుర్చీలు వచ్చాయి కానీ వరుసల మధ్య ఖాళీ మాత్రం పెద్దగా పెరగలేదు, అందుకే ఆరడుగుల మనిషికి అప్పర్ సర్కిల్‌లో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. పొడుగువాళ్లు పైన తీసుకుంటే నడవా పక్క సీటే తీసుకోండి, ఒక కాలైనా బయట పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం, ఓవర్‌హ్యాంగ్. స్టాల్స్‌లో మీరు వెనక్కి వెళ్లేకొద్దీ, పైనున్న డ్రెస్ సర్కిల్ అడుగుభాగం మీ నెత్తిమీదకి వస్తుంది. మనుషులు కనిపిస్తారు, మాటలు వినిపిస్తాయి, కానీ స్టేజీ పైభాగం కట్ అయిపోతుంది. మామూలు నాటకమైతే, అంటే ఒక గది, నలుగురు మనుషులు, మాటలు, అయితే పెద్ద నష్టం లేదు. కానీ హిజ్ మెజెస్టీస్ థియేటర్‌లో 1986 నుంచి నడుస్తున్న ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా ఉంది చూడండి, దాంట్లో జనం ఎదురుచూసేదే షాండ్లియర్, అంటే పెద్ద దీపాల గుత్తి కోసం, అది ప్రేక్షకుల తల మీద వేలాడుతూ ఉంటుంది. స్టాల్స్ చివరి వరుసల్లో కూర్చుంటే అది పైకి వెళ్లగానే మీకు మాయం. దానికన్నా చవకగా దొరికే అప్పర్ సర్కిల్ (ఆ థియేటర్‌లో గ్రాండ్ సర్కిల్ అంటారు) ముందు వరుసల మధ్య సీటు ఆ షోకి మేలు. సురభి నాటకాలు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు, నారదుడు పైనుంచి దిగుతుంటే మరీ ముందు కూర్చున్నవాళ్లకి తీగలు కనపడతాయి, కొంచెం వెనకున్నవాళ్లకి నారదుడే కనపడతాడు. ట్రిక్ ఎక్కడ జరుగుతుందో కనుక్కుని దాన్నిబట్టి సీటు కొనాలి.

దీనికి తిరగబడిన కేసు లైసియం థియేటర్. 1999 నుంచి అక్కడ లయన్ కింగ్ ఆడుతోంది. మొదటి పాటలో జంతువుల వేషాలవాళ్లు కొందరు స్టాల్స్ నడవాల్లోంచి నడుచుకుంటూ స్టేజీ మీదకి వెళ్తారు. పిల్లలుంటే ఆ నడవా పక్క సీటుకి డబ్బులు పెట్టొచ్చు, పిల్లవాడి పక్కనుంచే ఏనుగు వెళ్తుంది, ఆ ఒక్క నిమిషానికే టికెట్ డబ్బు వసూలైపోతుంది. పిల్లలు లేకపోతే నేనైతే రాయల్ సర్కిల్ అంటాను. డ్యాన్స్ ఎక్కువున్న ఏ షోకైనా నా ఓటు పైనుంచి చూడటానికే. కింద మొదటి వరుసలో కూర్చుంటే స్టేజీ ఎత్తుకి డ్యాన్సర్ల పాదాలే కనపడవు, వాళ్లు వేసే వలయాలూ, వరుసలూ అసలు అర్థం కావు.

సరే, సీటింగ్ మ్యాప్ తెరిచారు, రంగురంగుల చుక్కలున్నాయి. ఎక్కడ నొక్కాలి? నేను చూసేది రంగు మారే గీత. ఒక వరుస వరకు 95 పౌండ్లు, తర్వాతి వరుస నుంచి 65 అని ఉంటుంది. ఆ రెండు వరుసల మధ్య దూరం మూడడుగులు కూడా ఉండదు. కనపడేది అదే నాటకం, అదే ముఖం, ముప్పై పౌండ్లు మిగులు. ఖరీదైన రంగులో చివరి సీటు కొనడమంత దండగ ఇంకొకటి లేదు, చవక రంగులో మొదటి సీటు కొనండి. అడ్డంగా కూడా ఇదే లెక్క: మధ్యలోంచి పక్కకి వెళ్తుంటే ఎక్కడో రేటు పడిపోతుంది, పడిపోయిన మొదటి సీటు పట్టుకోండి. మరీ చివరికి వెళ్లకండి, గుర్రపు నాడాలా వంపు తిరిగిన హాళ్లలో చివర కూర్చుంటే స్టేజీలో మీ వైపున్న మూల పూర్తిగా పోతుంది.

పై అంతస్తుల్లో మొదటి వరుస అనగానే ఎగబడొద్దు. అక్కడ జనం పడిపోకుండా ఇనప కడ్డీ ఉంటుంది, చాలాచోట్ల అది సరిగ్గా కళ్ల ఎత్తుకి వస్తుంది. పిల్లలకైతే మరీ కష్టం. రెండో మూడో వరుస మధ్యలో దొరికితే చాలాసార్లు అదే నయం. ఒక్కటి మాత్రం అడుగుతున్నా, పైన కూర్చున్నప్పుడు ముందుకి వంగకండి. మీరు వంగితే వెనకాయనకి స్టేజీయే ఉండదు. ఆయన మీ భుజం తట్టి చెప్తాడు, ఇంగ్లిష్‌వాళ్లు మామూలుగా అలా ముట్టుకోరు, తట్టారంటే బాగా కోపం వచ్చిందనే.

'రెస్ట్రిక్టెడ్ వ్యూ' అని రాసున్న సీట్లు చూసి భయపడి వదిలేస్తారు చాలామంది. అందరూ వదలక్కర్లేదు. ఆ సీటు మీద నొక్కితే కారణం రాసుంటుంది: స్తంభమా, కడ్డీయా, పక్క నుంచి చూడాల్సి రావడమా, స్టేజీ పైభాగం కనపడకపోవడమా. స్తంభం అయితే వద్దు, రెండున్నర గంటలు తల అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. కడ్డీ అయితే పొడుగువాళ్లకి సమస్యే ఉండదు. కొనేముందు సీట్‌ప్లాన్ అనే సైట్‌లో ఆ థియేటర్ పేరు కొట్టి, మీ వరుస, మీ నంబర్ చూడండి, అక్కడ కూర్చున్న జనం తీసిన ఫోటోలు ఉంటాయి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చేది ఆ సైటే, ఎవరూ మొహమాటపడరు, కాళ్లు పట్టవంటే పట్టవని రాసేస్తారు.

ఇక ఎక్కడ కొనాలి. ముందు థియేటర్ సొంత వెబ్‌సైట్ చూడండి, లేదా షో సొంత సైట్. గూగుల్‌లో షో పేరు కొడితే పైన వచ్చే ప్రకటనల్లో కొన్ని మళ్లీ అమ్మేవాళ్లవి, అదే సీటుకి ఎక్కువ చెప్తారు. తప్పనిసరిగా కట్టాల్సిన ఫీజులన్నీ మొదట చూపించే ధరలోనే కలపాలని బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది కాబట్టి పోల్చుకోవడం ఇప్పుడు కొంచెం తేలిక. రెండు మూడు సైట్లలో అదే తేదీ, అదే సీటు పెట్టి చూడండి, ఐదు నిమిషాల పని.

లెస్టర్ స్క్వేర్‌లో టీకేటీఎస్ బూత్ ఉంది, 1980 నుంచి ఉంది, లండన్ థియేటర్ల సొసైటీదే. ఆ రోజు షోలకీ, కొన్నిటికి తర్వాతి రోజులకీ డిస్కౌంట్ టికెట్లు అమ్ముతారు. పార్కు పక్కన విడిగా, గడియారం ఉన్న చిన్న కట్టడం, అదే అసలుది. చుట్టుపక్కల వీధుల్లో 'హాఫ్ ప్రైస్' అని పెద్ద బోర్డులు పెట్టుకున్న దుకాణాలు కనపడతాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు. నా అభిప్రాయం అడిగితే, ఏ షో అయినా పర్లేదు, ఇవాళ సాయంత్రం ఖాళీ అనుకునేవాళ్లకి బూత్ బంగారం. ఫలానా షోయే చూడాలని పట్టుబట్టేవాళ్లకి మాత్రం టైమ్ వేస్ట్, బాగా ఆడుతున్నవి అక్కడికి రావు.

స్టూడెంట్స్‌కి నేను మొదట చెప్పేది టుడేటిక్స్ యాప్‌లో రష్ టికెట్లు. చాలా షోలకి ఆ రోజు టికెట్లు పొద్దున పది గంటలకి తెరుస్తారు, తక్కువ రేటు, కొన్నిసార్లు ముందు వరుసలే ఇచ్చేస్తారు. తత్కాల్ టికెట్ కొట్టిన చేతులు మనవి, ఇది మనకి పెద్ద టెన్షన్ కాదు. ముందే లాగిన్ అయి, కార్డు సేవ్ చేసి, పదికి రెండు నిమిషాల ముందు కూర్చోండి. సీటు మీరు ఎంచుకోలేరు, వాళ్లిచ్చింది తీసుకోవాలి. నలుగురైదుగురు కలిసి వెళ్దామంటే రష్ మర్చిపోండి. ఒక్కరే వెళ్లేవాళ్లు మాత్రం అదృష్టవంతులు, జంటలు కొనగా మధ్యలో మిగిలిపోయిన ఒంటరి సీటు చివరి రోజున చాలా బాగుంటుంది.

థేమ్స్ అవతల ఒడ్డున నేషనల్ థియేటర్‌లో శుక్రవారాల్లో తర్వాతి వారం షోలకి 10 పౌండ్ల టికెట్లు ఆన్‌లైన్‌లో వదులుతారు. అక్కడి ఒలీవియే హాలు విసనకర్ర ఆకారంలో వెయ్యికి పైగా సీట్లతో ఉంటుంది, స్తంభాల గొడవ లేదు, పాత హాళ్లతో పోలిస్తే చవక సీటు కూడా ఉత్త పుణ్యానికి వచ్చినట్టే. దానికి కొంచెం దూరంలో షేక్‌స్పియర్ గ్లోబ్ ఉంది, పాత నమూనాలో మళ్లీ కట్టి 1997లో తెరిచారు. అక్కడ 5 పౌండ్ల నుంచి నిలబడే టికెట్లు దొరుకుతాయి, అసలు సిసలు నేల టికెట్! స్టేజీకి ఆనుకుని నిలబడొచ్చు. పైన కప్పు లేదు, వాన వస్తే తడవాలి, గొడుగు తెరవనివ్వరు, నేల మీద కూర్చోనివ్వరు కూడా. మూడు గంటలు నిలబడగలిగేవాళ్లకి లండన్ మొత్తంలో దీన్ని మించిన బేరం లేదని నా గట్టి నమ్మకం. పెద్దవాళ్లని మాత్రం తీసుకెళ్లకండి.

పెద్దవాళ్ల మాట వచ్చింది కాబట్టి. ఇక్కడి పాత థియేటర్లలో చాలావాటిలో లిఫ్ట్ ఉండదు. ఇంకో తమాషా ఏంటంటే స్టాల్స్ అంటే నేలమట్టం అనుకుంటాం కదా, చాలాచోట్ల అవి రోడ్డు కన్నా కిందకి ఉంటాయి, మెట్లు దిగి వెళ్లాలి, షో అయ్యాక ఎక్కి రావాలి. డ్రెస్ సర్కిలే రోడ్డు ఎత్తుకి దగ్గరగా ఉండొచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి ఏది తక్కువ మెట్లో థియేటర్ సైట్‌లో 'యాక్సెస్' పేజీలో ఉంటుంది, లేదా ఫోన్ చేసి అడగండి, ఓపిగ్గా చెప్తారు. అవసరమున్నవాళ్లకి తక్కువ రేటు యాక్సెస్ సీట్లు కూడా ఉంటాయి. ఇంగ్లిష్ అంతగా రాని పెద్దవాళ్లకి మాటల నాటకం కొనకండి పాపం, పాటలూ సెట్టింగులూ ఉన్న మ్యూజికల్ కొనండి, అప్పర్ సర్కిల్ కాకుండా, కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టి మంచి సీటు తీసుకోండి. ఇక్కడ పొదుపు వద్దు.

రోజు కూడా చూసుకోవాలి. శనివారం రాత్రి అన్నిటికన్నా ఖరీదు, మంగళ, బుధ, గురువారాలు తగ్గుతాయి, వారం మధ్యలో మధ్యాహ్నం షో ఉంటే అదింకా నయం. క్రిస్మస్ సెలవులు అయ్యాక జనవరి, ఫిబ్రవరిలో హాళ్లు ఖాళీగా ఉంటాయి, ఆఫర్లు అప్పుడే ఎక్కువ. ఈ ధరలు విమానం టికెట్లలాగే మారుతుంటాయి కాబట్టి బాగా ఆడుతున్న షో అయితే ముందే కొనేయండి. పాతబడ్డ షో అయితే ఆగొచ్చు.

కొన్నాక ఒక్క పని: టైముకి వెళ్లండి. ఏడున్నర అంటే ఏడున్నరకే తెర లేస్తుంది, మన లెక్క ఇక్కడ పనికిరాదు. ఆలస్యమైతే మధ్యలో వాళ్లు అనుకున్న చోట తప్ప లోపలికి పంపరు, కొన్ని షోలకి ఇంటర్వెల్ దాకా లాబీలోని టీవీలో చూస్తూ నిలబడాలి. ఎంత మంచి సీటు కొన్నా సరే.

మీరు చూడాలనుకుంటున్న షో, తేదీ, ఎంతమంది, మనిషికి ఎంత పెట్టగలరు, ఇవి నాలుగూ కింద కామెంట్‌లో రాయండి. మ్యాప్ చూసి ఏ వరుస తీసుకోవాలో చెప్తాను. పొడుగెంతో కూడా రాయండి, నవ్వకండి, అది నిజంగా కావాలి.