ఏడు రోజుల వాన తర్వాత

(వైశాఖ పౌర్ణమి సాయంత్రం హనుమకొండలో చేసిన ప్రసంగం)

సభలోని పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

పగటి ఎండ ఇంకా ఈ గోడలను విడవలేదు. అయినా ఇంతమంది వచ్చారు. అందుకే వానతో మొదలుపెడతాను.

జ్ఞానోదయమైన కొద్ది వారాలకు బుద్ధుడు ముచలింద వృక్షం కింద కూర్చుని ఉన్నాడు. అకాలంగా మేఘం కమ్మింది. ఏడు రోజులు విడవని వాన, చలిగాలి. అక్కడ ఉండే నాగరాజు ముచలిందుడు బయటికి వచ్చి ఆయన దేహాన్ని ఏడు చుట్లు చుట్టుకుని, తల మీద పడగ విప్పి నిలిచాడు. ఆయనకు చలి తగలకూడదు, దోమలూ ఈగలూ ముసరకూడదు, అంతే అతని ఆలోచన. వాన వెలిశాక చుట్లు విప్పుకుని, యువకుడి రూపంలో చేతులు జోడించి ఎదుట నిలబడ్డాడు.

ఇది జరిగింది గయ దగ్గర. కానీ దాన్ని తలచుకుని రాయి చెక్కినవాళ్లు మన దగ్గరివాళ్లు. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల నాటి స్తూపం ఉంది. దానికి తాపడం చేసిన సున్నపురాతి పలకల మీద పడగ విప్పిన ముచలిందుడు ఉన్నాడు. ఆ తొలికాలపు శిల్పులు బుద్ధుడిని మనిషి రూపంలో చెక్కేవారు కాదు. పాదాలో, బోధివృక్షమో, ఖాళీ ఆసనమో చూపి ఊరుకునేవారు. రక్షించినవాడికి మాత్రం రూపం ఇచ్చారు. కాకతీయుల తోరణాల నీడలో పెరిగిన మనకు శిల్పాలు కొత్త కాదు. అయినా ఆ పాము ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. పాము కనిపిస్తే కర్ర కోసం వెతుక్కునే ఊళ్లు మనవి. అలాంటి ఊళ్ల మధ్య ఎవరో ఒక శిల్పి పాములో కరుణను చూశాడు.

ఆ వాన వెలిసిన రోజు బుద్ధుడు పలికిన మాటలు ‘ఉదాన’ గ్రంథంలో ఉన్నాయి. అందులో ఒక పాదం: ‘అబ్యాపజ్జం సుఖం లోకే, పాణభూతేసు సంయమో’. ఎవరికీ కీడు తలపెట్టకపోవడం, ప్రాణుల పట్ల నిగ్రహంతో ఉండటం, లోకంలో ఇది సుఖం అని. చివరికి ‘నేను’ అనే అహంకారాన్ని తొలగించుకోవడమే పరమ సుఖం అంటాడు.

ముందు నా మనసు కుదుటపడనీ, ఆ తర్వాత పక్కవాళ్ల సంగతి చూస్తాను అని మనం అనుకుంటాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను. కొన్నేళ్ల క్రితం మా అమ్మ ఆసుపత్రిలో ఉంది. రాత్రిళ్లు వార్డు వరండాలో నేనొక్కడినే. రాని తమ్ముళ్ల మీద కోపం గొంతులో ముద్దలా ఉండేది, కన్ను మూతపడేది కాదు. అమ్మ పక్క మంచం మీద ఒక ముసలాయన. ఆయన కోసం ఎవరూ వచ్చేవారు కాదు. ఎదుటి మంచం దగ్గర భర్తకు సేవ చేస్తున్న ఒకామె, గంజి తెచ్చిన ప్రతిసారీ ముందు ఆ ముసలాయనకు తాగించేది. నేను చూస్తూ ఉండటం గమనించి, ‘‘ఆయనకు ఎవరూ లేరు కదా అన్నా’’ అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆ ముసలాయన దుప్పటి నేను ఉతికాను, ఒళ్లు తుడిచాను. తెల్లవారుజామున ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. లేచేసరికి కోపం పూర్తిగా పోయిందని చెప్పను, కానీ దాని గురించి ఆలోచించకుండా కొన్ని గంటలు గడిచాయి.

భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలోని కథ తర్వాత చదివాను. విరేచనాల వ్యాధితో ఒక భిక్షువు తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. తోటి భిక్షువులు పట్టించుకోలేదు, వాళ్లకు అతని వల్ల ఉపయోగం లేదట. బుద్ధుడు నీళ్లు పోశాడు, శిష్యుడు ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. అప్పుడు బుద్ధుడు భిక్షువులను పిలిచి, మీకిక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అన్నాడు.

అయితే ఇచ్చినంత మాత్రాన శాంతి వచ్చేస్తుందా? రాదు. దానికీ మన గోదావరి ఒడ్డునే ఒక కథ ఉంది. సుత్తనిపాతం అనే బౌద్ధ గ్రంథంలోని బావరి ఒక బ్రాహ్మణ గురువు, అస్సక జనపదంలో గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకున్నవాడు. ఆ చోటు నిర్మల్ జిల్లా బాదనకుర్తి అని ఇక్కడివాళ్లు చెబుతారు. 120 ఏళ్ల బావరి యజ్ఞం చేసి ఉన్నదంతా దానం చేశాడు. ఆ తర్వాత వచ్చిన ఒక బ్రాహ్మణుడు 500 నాణేలు అడిగాడు. లేవని చెబితే, ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. అంత ఇచ్చిన మనిషి అన్నం మానేసి, దిగులుతో ఎండిపోయాడు. చేతులు ఖాళీ అయ్యాయి, భయం మాత్రం లోపలే ఉంది.

తల అంటే ఏమిటో, తల పగలడం అంటే ఏమిటో బుద్ధుడికి తెలుసని విని, బావరి తన 16 మంది శిష్యులను పంపాడు. ఇక్కడి నుంచి పైఠాన్, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి దాటి రాజగృహం వరకు నడిచారు. బుద్ధుడు చెప్పాడు: అవిద్యే ఆ తల. శ్రద్ధ, స్మృతి, సమాధి, పూనిక, ప్రయత్నం తోడైన విద్య దాన్ని పగలగొడుతుంది. పగలవలసింది అదేనని తెలిశాక, ఆ శాపంలో భయపడటానికి ఏం మిగిలింది? శపించినవాడి మీద ఒక్క కఠినమైన మాట కూడా అందులో లేదు.

ఆ శిష్యులలో ఒకడైన అజితుడు సంతోషంతో బుద్ధుడి పాదాల మీద వాలి, మా గురువు మీకు నమస్కరిస్తున్నాడు అన్నాడు. బుద్ధుడు బదులుగా, శిష్యులతో సహా బావరి సుఖంగా ఉండుగాక, నువ్వూ సుఖంగా ఉండు అన్నాడు. ఆయన ఎన్నడూ చూడని ఒక వృద్ధుడి కోసం అన్న మాట. ఆ వృద్ధుడు అప్పుడు ఇక్కడ, గోదావరి ఒడ్డున, శిష్యుల కోసం దారి చూస్తూ కూర్చుని ఉన్నాడు.

సెలవు.