కిటికీ మూల తెల్ల గూడు

అందరికీ నమస్కారం. మిద్దె తోటల వాళ్ళం ఎప్పుడు కలిసినా మాట చివరికి పురుగుమందు దగ్గరికే వస్తుంది. ఈరోజు నేను మందు తగలకూడని ఒక ప్రాణి గురించి చెబుతాను.

శ్రీకాళహస్తిలో ‘శ్రీ’ అంటే సాలీడు అని మనకు తెలుసు. అది గూడు అల్లి శివుణ్ణి కొలిచింది. నేను చెప్పే గెంతే సాలీడు మాత్రం వేటకు వల అల్లదు. గోడ మీద పిల్లిలా నక్కి, ఒక్క గెంతులో ఈగనో దోమనో పట్టేస్తుంది. గెంతే ముందు ఒక దారం గోడకు అంటించుకుంటుంది, గురి తప్పినా కింద పడదు. మీరు వేలు దగ్గర పెడితే చటుక్కున తిరిగి, ముందున్న రెండు పెద్ద కళ్ళతో మిమ్మల్నే చూస్తుంది. వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తప్ప కరవదు. కరిచినా ప్రమాదం లేదు. ప్రపంచంలో వీటి జాతులు 6,000కు పైనే.

రెండేళ్ళ కిందట సంక్రాంతికి బూజు దులుపుతుంటే కిటికీ మూలన రూపాయి బిళ్ళంత తెల్లటి పొర కనిపించింది. తడిగుడ్డతో తుడిచేశాను. గుడ్డ మీద లేత పసుపు గుడ్లు! తల్లి సాలీడు ఆ చోటే అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

ఆ ఎండాకాలమే మందార ఆకు మడతలో అలాంటిదే ఇంకో గూడు చూశాను. ఈసారి ముట్టుకోలేదు. తల్లి లోపలే కాపలా. కొన్ని వారాలకు ఆవగింజల్లాంటి పిల్లలు బయటికొచ్చాయి, అచ్చం తల్లి పోలికే. వచ్చిన రోజే ఆకు మీంచి ఆకు మీదికి గెంతులు! ఒకటి తనకన్నా చిన్న పురుగు వెనక నక్కినక్కి నడవడం భూతద్దంలో చూశాను, ఊపిరి బిగబట్టి.

తల్లి ప్రేమ ఇంకా ఎంత దూరం వెళ్తుందో వినండి. చీమను పోలిన టాక్సియస్ మాగ్నస్ అనే గెంతే సాలీడు తన పిల్లలకు పాలలాంటి ద్రవం ఇస్తుందని చైనా శాస్త్రవేత్తలు 2018లో ప్రకటించారు. మొదట్లో ఆ చుక్కలను గూటిలో వదులుతుంది, తర్వాత పిల్లలే తల్లి పొట్టకు అంటుకుని తాగుతాయి. సుమారు 20 రోజులు వాటికి అదే ఆహారం. వేటకు వెళ్ళడం మొదలుపెట్టాక కూడా దాదాపు 40వ రోజు దాకా తాగుతూనే ఉంటాయి. చీమ వేషం వేసే సాలీళ్ళు మన మామిడి చెట్ల మీద ఎర్రచీమల మధ్య కూడా తిరుగుతాయి. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి.

కాబట్టి తెల్ల గూడు కనిపిస్తే ఒక నెల ఆగండి. ఆ కొమ్మకు ఒక దారం కట్టుకుంటే గుర్తుంటుంది. నా మందారకు ఇప్పుడు ఎర్రదారం ఉంది. వేపనూనె కొట్టేటప్పుడు ఆ కొమ్మను వదిలేస్తున్నాను.