హైస్కూలుకు జాగా: గ్రామసభలో ఒక రిటైర్డ్ సర్వేయర్ ప్రసంగం

సర్పంచ్ గారికి, వార్డు సభ్యులకు, ఇంత ఉక్కపోతలోనూ కదలకుండా కూర్చున్న అక్కలకు, అన్నలకు నమస్కారం.

స్కూలు అనగానే అందరం 'జాగా ఎవరిస్తారు' అని అడుగుతున్నాం. సర్వేయర్‌గా ఈ నల్లగొండ చెల్కల్లో గొలుసు లాగినవాణ్ణి కాబట్టి నేను ముందు వేరే సంగతి అడుగుతా. పిల్లలు ఎటునుంచి వస్తారు? 5 కిలోమీటర్ల లోపు హైస్కూలు ఉండాలని 2009లో మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్‌లో రాసుకున్నారు. ఆఫీసులో ఆ దూరాన్ని నక్షా మీద స్కేలుతో కొలుస్తారు. మన తండా పిల్లలేమో వాగు చుట్టూ తిరిగి రావాలి. ఏడో తరగతి అయ్యాక ఆడపిల్లను మాన్పించే ఇంట్లో అడిగి చూడండి, ఫీజు సంగతి ఎవరూ ఎత్తరు. 'ఆ దారిలో ఒక్కతే ఎట్లా వస్తది సారూ' అంటారు.

ఇక జాగాల సంగతి. చెరువు శిఖంలో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలలో, కట్టేద్దామని కొందరు అంటున్నారు. పైసా ఖర్చు లేదు, నాలుగేళ్లుగా నీళ్లు రాలేదు, నిజమే. కానీ చెరువు నిండి మత్తడి దుంకిన ఏడాది నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఈ సభలో ఉన్న ముసలాళ్లను అడగండి. నేను అడిగాను. ఇప్పుడు మనం గోడ కడదామంటున్న చోట వాళ్లు వలలు వేశారట. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో మునిగిన కాలనీల్లో చాలావాటి కింద పాత చెరువులే ఉన్నాయి. పైగా 2011లో సుప్రీంకోర్టు పటియాలా జిల్లాలోని ఒక ఊరి చెరువు కేసులో తీర్పు చెబుతూ, ఊరుమ్మడి జాగాల్లో ఆక్రమణలు తీసేయాలంది. 'ఆ తీర్పులో స్కూళ్లకు మినహాయింపు ఉంది కదా' అని మన తమ్ముడొకడు వాదిస్తున్నాడు. ఉంది. అప్పటికే కట్టిన స్కూలు ఉంటే దాని గురించి చెప్పిన మాట అది. కొత్తగా వెళ్లి చెరువులో కట్టుకొమ్మని కాదు.

రెండోది, హైవే పక్కన ఒక పెద్దమనిషి ఇస్తానన్న రెండెకరాలు. మిగిలిన ప్లాట్లకు రేటు పెరుగుతుందనే ఇస్తున్నాడని గుసగుసలు విన్నాను. పెరగనీయండి, మనకేం నష్టం? నా బెంగ వేరు. నోటిమాటతో ఇచ్చిన జాగాలో స్కూలు కట్టిన ఊరికి ఒకసారి కొలతకు పోయాను. దాత పోయాక కొడుకులు పంపకాలు చేసుకున్నారు, పెద్దోడి వాటాలోకి వంటగది వచ్చింది. నేను పోయేసరికి వంటగదికి తాళం, మధ్యాహ్న భోజనం వేపచెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి మీద ఉడుకుతోంది. దానం అంటే రిజిస్టరైన పత్రం ఉండాలి, దాత సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. చట్టం అదే చెబుతుంది. అవన్నీ ఆయన చేయించినా సరే, నాలుగు వరసల రోడ్డును రోజూ రెండుసార్లు పిల్లలు దాటాలి. అండర్‌పాస్ వస్తుందంటున్నారు. వచ్చాక మాట్లాడుకుందాం. 2014 జూలైలో మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర రైలు స్కూలు బస్సును గుద్దింది, మరిచిపోయామా?

నా మొగ్గు గుట్ట కిందున్న ఖారిజ్ ఖాతా భూమి, అంటే సర్కారు భూమి వైపు. ఊరికీ తండాకూ నడుమ ఉంది, ఎత్తు మీద ఉంది, గట్టి మొరం నేల, పునాదికి పెద్ద ఖర్చు కాదు. చిక్కులు లేవని అనను. 33 కేవీ లైను తూర్పు మూల మీదుగా పోతోంది. దాని కింద గది కాదు కదా, ఆటస్థలం కూడా వద్దు. లైను జరపడానికి కరెంటోళ్ల అంచనా ముందే తీసుకోవాలి. రెండు కుటుంబాలు అక్కడ కంది వేసుకుంటున్నాయి. కాగితం లేదని పోలీసులను పెట్టి లేపితే ఆ ఇళ్ల పిల్లలు రేపు ఏ మొహంతో బడికి వస్తారు? పంట చేతికొచ్చేదాకా ఆగి, వేరే చోట భూమి చూపించి అడుగుదాం. కలెక్టర్ దగ్గర అలాట్‌మెంట్ ఆర్డర్ చేతికి రాకుండా కొబ్బరికాయ మాత్రం కొట్టొద్దు. గొర్రెల బాట పడమటి గట్టున పోతుంది, దాన్ని వదిలేసి ప్రహరీ కట్టాలి. లేకపోతే గొల్లోళ్లతో రోజూ పంచాయితీ.

బోరు వేస్తే ముందు నీళ్లు పరీక్ష చేయించాలి. మన జిల్లాలో ఇది వేరే చెప్పాలా? లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఆ నీళ్లు కడగడానికీ చెట్లకూ వాడుకుందాం. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ మంచినీళ్ల లైను అక్కడిదాకా రావాల్సిందే.

తీర్మానం రాసి తెచ్చారని తెలుసు, సర్పంచ్ గారూ. ఇవాళ సంతకాలు వద్దు. పొద్దటి నుంచి చూస్తున్నా, తండా నుంచి ఇక్కడ ఒక్కరు లేరు, పత్తి ఏరడానికి పోయారు. వచ్చే సభ అక్కడ, సాయంత్రం పూట పెట్టండి. నక్షా నేను పట్టుకొస్తా.